గది, ముద్ర, పరిశోధన: ‘గెన్‌షికెన్’ ఆధారంగా జపాన్ ఒటాకు సంఘాల చరిత్ర

వ్యాససంగ్రహం

జపాన్‌లో మాంగా (చిత్రకథలు), యానిమే (యానిమేషన్ చిత్రాలు), వీడియో గేములపై గాఢమైన అభిమానం గలవారిని ‘ఒటాకు’ అని వ్యవహరిస్తారు. 1983లో వెక్కిరింపుగా అచ్చుకెక్కిన ఈ మాట 1989లో ఒక హత్యల కేసు కారణంగా కళంకంగా మారింది. 2004 నాటికి అదే మాట ఒక అంతర్జాతీయ ప్రదర్శనలో జపాన్ మండపానికి శీర్షిక అయింది. ఆ ఏడాదే ప్రసారమైన ‘గెన్‌షికెన్’ అనే యానిమే ఒక విశ్వవిద్యాలయంలోని ఒటాకు విద్యార్థి సంఘం దైనందిన జీవితాన్ని చిత్రించింది. 1989లో టెలివిజన్ చూపిన నిందితుని గది, 2004లో వెనిస్‌లో ప్రదర్శించిన గది, గెన్‌షికెన్‌లోని సంఘం గది – ఈ మూడింటినీ పోల్చి, కళంకితులైన అభిమానులు సమూహంగా నిలదొక్కుకోవడంలో ఉమ్మడి గది పాత్రను, ఆ గదికి ‘పరిశోధన సంఘం’ అనే పేరు ఇచ్చిన రక్షణను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఒటాకు, గెన్‌షికెన్, విద్యార్థి సంఘాలు, సర్కిల్, కామికెట్, అభిమాన సంస్కృతి, యానిమే.

1. ఉపోద్ఘాతం

కియో షిమోకు రచించిన ‘గెన్‌షికెన్’ మాంగా, కొదాన్‌షా సంస్థ మాసపత్రిక ‘ఆఫ్టర్‌నూన్’లో 2002 నుంచి 2006 వరకు ధారావాహికగా వెలువడి 9 సంపుటాలుగా గ్రంథరూపం పొందింది. దీని ఆధారంగా ఇకెహతా తకాషి దర్శకత్వంలో పామ్ స్టూడియో నిర్మించిన 12 భాగాల యానిమే 2004 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ప్రసారమైంది. 2007లో ఆర్మ్స్ స్టూడియో రెండవ ధారావాహికను, 2013లో ప్రొడక్షన్ ఐ.జి. సంస్థ ‘నిదైమె’ (రెండవ తరం) పేరుతో మరొక ధారావాహికను నిర్మించాయి. తెలుగువారిలాగే జపనీయులు కూడా ఇంటిపేరును ముందు చెప్తారు. ఈ వ్యాసంలో పేర్లన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి.

‘గెన్‌షికెన్’ అనేది ‘గెందాయ్ షికకు బుంక కెన్‌క్యూకాయ్’ అన్న పేరుకు సంక్షిప్త రూపం. ‘ఆధునిక దృశ్య సంస్కృతి పరిశోధన సంఘం’ అని దీని అర్థం. టోక్యో పశ్చిమ శివారులోని షియో విశ్వవిద్యాలయం అనే కల్పిత విద్యాసంస్థలో ఈ సంఘం ఉంటుంది. ఆ ప్రాంగణానికి నిజమైన చువో విశ్వవిద్యాలయపు టామా ప్రాంగణం నమూనా అని పాఠకులు తొలినుంచీ గుర్తించారు. అక్కడ మాంగా సంఘం వేరుగా, యానిమే సంఘం వేరుగా ఉన్నాయి. మాంగా, యానిమే, గేములన్నిటినీ విడదీయకుండా కలిపి చూడాలన్నది గెన్‌షికెన్ ప్రత్యేకత. అయితే పేరులో పరిశోధన ఉన్నా సభ్యులు పరిశోధన చేసే సన్నివేశాలు కథలో దాదాపుగా కనిపించవు. వారు గదిలో కూర్చుంటారు, చదువుతారు, ఆడుకుంటారు, వాదించుకుంటారు, కొన్న వస్తువులను ఒకరికొకరు చూపుకుంటారు. పరిశోధన చేయని సంఘానికి పరిశోధన సంఘమనే పేరు ఎందుకు అన్న ప్రశ్నతో ఈ వ్యాసం మొదలవుతుంది.

కల్పిత రచనను చారిత్రకాధారంగా స్వీకరించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒక సంఘటన జరిగిందనడానికి కల్పన సాక్ష్యం కాజాలదు. ఒక కాలంలోని పాఠకులు దేన్ని సహజమని అంగీకరించారో, దేనికి సిగ్గుపడ్డారో, దేన్ని చూసి నవ్వుకొన్నారో తెలుసుకోవడానికి మాత్రం అది ఉపకరిస్తుంది. ప్రస్తుత వ్యాసం గెన్‌షికెన్‌ను ఈ పరిమితికి లోబడే వినియోగించుకొంటుంది.

2. ‘ఒటాకు’: సంబోధన నుంచి ముద్ర వరకు

జపాన్ భాషలో ‘తకు’ అంటే ఇల్లు. దానికి ముందు గౌరవార్థక ‘ఒ’ చేరితే ‘మీ ఇల్లు’, ‘మీరు’ అనే అర్థాలు వస్తాయి. పరిచయం తక్కువైన వ్యక్తిని మర్యాదగా, కొంత దూరంగా సంబోధించడానికి ఈ మాట వాడేవారు. తోటి విద్యార్థిని ‘తమరు’ అని పిలిచే యువకుణ్ణి ఊహించుకొంటే ఈ సంబోధనలోని కృత్రిమత తెలుగు పాఠకులకు సులభంగా బోధపడుతుంది. 1980ల ఆరంభంలో యానిమే, సైన్స్ ఫిక్షన్ అభిమానులు కొందరు ఒకరినొకరు ఇలా పిలుచుకొనేవారు. 1982లో ప్రసారమైన ‘మాక్రాస్’ యానిమేలోని పాత్రలు కూడా ఈ సంబోధనను వాడాయి.

1983లో నకమొరి అకియో ‘మాంగా బురిక్కో’ పత్రికలో ‘ఒటాకు పరిశోధన’ అనే శీర్షికను నిర్వహించాడు. అభిమానుల మేళాలో కనిపించే యువకుల వేషాన్ని, జుట్టును, నడవడిని, మాటతీరును అపహసిస్తూ వారందరికీ కలిపి ‘ఒటాకు’ అని పేరు పెట్టాడు. ఆ పత్రికకు అప్పటి సంపాదకుడైన ఒత్సుక ఎయ్‌జి పాఠకులను అవమానించే ఈ ధోరణిని వ్యతిరేకించి శీర్షికను నిలిపివేశాడు. ఈ చిన్న ఉదంతంలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, మధ్యమపురుష సంబోధన ప్రథమపురుష వర్ణనగా మారడం. తమలో తాము ‘మీరు’ అని పిలుచుకొన్న మాటతోనే బయటివారు వారిని ‘వాళ్ళు’గా వేరుచేశారు. రెండవది, ఈ ముద్ర అచ్చులోకి వచ్చిందే ‘పరిశోధన’ అన్న పేరుతో. అభిమానులు అప్పటికి పరిశోధకులు కారు, పరిశోధనకు గురైనవారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక కల్పిత విద్యార్థి సంఘం తన తలుపు మీద అదే మాట రాసుకోవడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

3. 1989: టెలివిజన్ చూపిన గది

1988, 1989 సంవత్సరాలలో టోక్యో, సైతమ ప్రాంతాలలో నలుగురు చిన్నారి బాలికలు హత్యకు గురయ్యారు. 1989 జూలైలో మియజకి త్సుతోము అనే యువకుడు పట్టుబడ్డాడు. అతని గది గోడలను కప్పేసినట్టు పేర్చిన వీడియో టేపుల దృశ్యాలు టెలివిజన్‌లోను, వారపత్రికల్లోను పదేపదే కనిపించాయి. ఆ టేపుల సంఖ్య 5,763 అని పత్రికలు ప్రకటించాయి. నేరస్థుని చర్యలకు కారణం అతని గదిలోనే ఉందన్న భావన ఈ దృశ్యాల ద్వారా ప్రజల్లో నాటుకొంది. అంతవరకు ఒక చిన్న వర్గానికే తెలిసిన ‘ఒటాకు’ అనే మాట దేశమంతటా వ్యాపించింది. వీడియో టేపులు పోగుచేసే ప్రతి యువకుడి గది అనుమానాస్పదమైంది.

ఈ ప్రభావం వ్యక్తులతో ఆగలేదు. అభిమానులు సొంతంగా అచ్చువేసుకొనే ‘దోజిన్‌షి’ పత్రికలను విక్రయించే అతిపెద్ద మేళా కామికెట్. అశ్లీల ప్రచురణల వివాదం కారణంగా దీనికి 1991లో మకుహరి మెస్సె ప్రదర్శనశాల స్థలం నిరాకరించింది. మేళా తిరిగి టోక్యోలోని హరుమి ప్రదర్శనశాలకు తరలవలసివచ్చింది. 1996 నుంచి అది అరియాకె ప్రాంతంలోని టోక్యో బిగ్ సైట్‌లో జరిగింది.

1991లోనే గైనాక్స్ సంస్థ ‘ఒటాకు నో బిడియో’ అనే వీడియో చిత్రాన్ని విడుదల చేసింది. విశ్వవిద్యాలయ టెన్నిస్ సంఘ సభ్యుడైన ఒక యువకుడు ఒటాకు బృందంలో చేరి, ‘ఒటాకులకు రాజు’ కావాలని సంకల్పించడం ఇందులోని కథ. గైనాక్స్ స్థాపకులు 1981లో ఒసాకాలో జరిగిన ‘దైకాన్ 3’ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనానికి ప్రారంభ చిత్రాన్ని తయారుచేసిన విద్యార్థి బృందం నుంచి వచ్చినవారు. కనుక ఆ చిత్రంలో ఆత్మపరిహాసంతోపాటు విజయగర్వం కూడా కనిపిస్తుంది. నిందకు సమాధానంగా వారు సామ్రాజ్యాన్ని కలగన్నారు. దశాబ్దం తర్వాత గెన్‌షికెన్ ఎంచుకొన్న సమాధానం ఇంతకంటె చాలా చిన్నది: ఒక బల్ల, కొన్ని కుర్చీలు, ఒక పుస్తకాల అర, ఒక టెలివిజన్.

4. ‘సర్కిల్’: ఉమ్మడి గదికి పూర్వచరిత్ర

జపాన్ విశ్వవిద్యాలయాలలో ఇలాంటి సంఘాలను ‘సాకురు’ (సర్కిల్) అంటారు. ఈ మాటకు రాజకీయ మూలాలున్నాయి. కార్మికుల సాంస్కృతిక బృందాలకు పేరుగా 1931లో వామపక్ష విమర్శకుడు కురహర కొరెహితొ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక కర్మాగారాలలో, గ్రామాలలో, విశ్వవిద్యాలయాలలో కవిత్వం, పాట, నాటకం, పఠనం చుట్టూ సర్కిళ్ళు విస్తరించాయి. సభ్యులు తామే రాసి, తామే అచ్చువేసి, తామే పంచుకోవడం వీటి పద్ధతి. కామికెట్‌లో ఒక్కో బల్ల వెనుక కూర్చుని సొంత పత్రికను అమ్ముకొనే బృందాన్ని నేటికీ ‘సర్కిల్’ అనే పిలుస్తారు. రాజకీయ లక్ష్యం జారిపోయినా పేరు మిగిలింది, స్వీయ ప్రచురణ పద్ధతీ మిగిలింది.

ఈ మార్పుకు 1969 ఒక మలుపు. ఆ ఏడాది జనవరిలో టోక్యో విశ్వవిద్యాలయంలోని యసుద సభాభవనాన్ని ఆక్రమించిన విద్యార్థులను పోలీసులు ఖాళీ చేయించారు. తర్వాతి సంవత్సరాలలో విద్యార్థి ఉద్యమం బలహీనపడింది. కొన్ని విశ్వవిద్యాలయాలు నగర కేంద్రాన్ని విడిచి శివార్లకు తరలాయి. చువో విశ్వవిద్యాలయం కంద ప్రాంతం నుంచి టామా కొండలకు తరలింది 1978లో. పుస్తకాల అంగళ్ళు, కాఫీ హోటళ్ళు ఆనుకొని ఉన్న పాత ప్రాంగణంలో విద్యార్థికి నగరమే కూడలి. కొండల మధ్య ప్రాంగణంలో ఆ అవసరాన్ని తీర్చేది సంఘం గది.

1975 డిసెంబరు 21న టోక్యోలో మొదటి కామికెట్ జరిగింది. 32 సర్కిళ్ళు పాల్గొనగా సుమారు 700 మంది హాజరయ్యారు. ‘మెయ్‌క్యూ’ అనే విమర్శకుల బృందం దీన్ని నిర్వహించింది. అంటే ఈ మేళా మాంగా విమర్శ నుంచి, మాంగా గురించి తీవ్రంగా రాసుకొన్న యువకుల బృందం నుంచి పుట్టింది. 2000ల మొదటి సగానికి ఒక్కో విడత 3 రోజుల మేళాలో సుమారు 35,000 సర్కిళ్ళు పాల్గొనే స్థాయికి అది పెరిగింది.

గెన్‌షికెన్ మాంగా మొదలవడానికి ముందటి ఏడాది జరిగిన రెండు సంఘటనలను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. 2001లో వసెద విశ్వవిద్యాలయం పాత భవనాల నేలమాళిగల్లో దశాబ్దాలుగా ఉన్న సంఘాల గదులను మూసివేసి సంఘాలను కొత్త విద్యార్థి భవనానికి మార్చింది. విద్యార్థులలో ఒక వర్గం దీన్ని ప్రతిఘటించింది. అదే ఏడాది ఆగస్టులో టోక్యో విశ్వవిద్యాలయపు కొమబ వసతిగృహాన్ని బలవంతంగా ఖాళీ చేయించారు. విద్యార్థులు తామే నడుపుకొన్న స్థలాలు విశ్వవిద్యాలయ పాలనలోకి వెళ్ళిపోతున్న కాలం అది. విద్యార్థి సంఘానికి గది ఉండడం ఆనాడు సహజంగా సంక్రమించిన హక్కు కాదని, నిలుపుకోవలసిన హక్కని ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

5. గెన్‌షికెన్‌లోని గది

కథారంభంలో ససహర కంజి అనే మొదటి సంవత్సరం విద్యార్థి సంకోచంతో సంఘం గదికి వస్తాడు. తాను ఒటాకు అని ఒప్పుకోవడం అతనికి ఇష్టం లేదు. సభ్యులు ఏదో పని ఉన్నట్టు బయటికి పోయి, అతన్ని గదిలో ఒంటరిగా వదిలి, చాటునుంచి గమనిస్తారు. ఎవరూ చూడడం లేదనుకొన్న ససహర గదిలోని దోజిన్‌షి పత్రికల కోసం వెతుకుతాడు. వెంటనే అతని గుట్టు బయటపడుతుంది. ఇది ఒక విధమైన ప్రవేశసంస్కారం. 1989 నాటి దృశ్యంలో లోకం ఒక ఒంటరి గదిలోకి తొంగిచూసి లోపలివాణ్ణి బయటికి లాగింది. ఇక్కడ తొంగిచూసినవారు కూడా అదే సిగ్గును అనుభవించినవారు కావడంవల్ల, పట్టుబడ్డవాడు లోపలివాడయ్యాడు. చూపు ఒకటే, చూసేవారు మారారు.

కసుకబె సాకి పాత్ర దీనికి ఎదురుగా నిలుస్తుంది. ఆమె ఒటాకు కాదు. తాను ప్రేమించిన కొసాక మకొతొ ఈ సంఘంలో చేరినందువల్ల గదికి వస్తుంది. సంఘం పోతే అతను మారతాడని మొదట ఆశిస్తుంది. అందగాడు, చక్కని దుస్తులు ధరించేవాడు అయిన కొసాకకు తన అభిరుచి విషయంలో సిగ్గంటూ లేదు. అందువల్ల ఒటాకును రూపంతో గుర్తించవచ్చునన్న నకమొరి నాటి వర్ణన కథలో మొదటి నుంచే విఫలమవుతుంది. సాకి తన అయిష్టాన్ని ఎన్నడూ దాచుకోదు, అయినా వస్తూనే ఉంటుంది. గదిలోనివారు ఆమెకు క్రమంగా ‘ఒటాకులు’గా కాక మదరమె, తనక, కుగయమ, ఒహ్‌నో అనే వ్యక్తులుగా పరిచయమవుతారు.

గదికి రెండు ఆపదలు వస్తాయి. విద్యార్థి పాలక సమితి ప్రతినిధి వచ్చి, చెప్పుకోదగిన కార్యకలాపాలు లేని సంఘాన్ని రద్దు చేయవలసివస్తుందని హెచ్చరిస్తుంది. పేరులో ఉన్న పరిశోధన ఎక్కడ అన్నదే ఆమె ప్రశ్న. మరొక సందర్భంలో సాకి పారవేసిన సిగరెట్టు వల్ల నిప్పు అంటుకొని గది వాడకం కొంతకాలం నిలిచిపోతుంది. మూయించాలని ఒకప్పుడు కోరుకొన్న వ్యక్తే ఆ మూతకు కారణమై బాధపడడం ఇందులోని విశేషం. నియమావళి వల్ల గానీ ప్రమాదం వల్ల గానీ గది ఏ క్షణంలోనైనా పోవచ్చునన్న స్పృహ హాస్యం అడుగున నిరంతరం ఉంటుంది. 2001 నాటి సంఘటనలు ఎరిగిన జపాన్ విద్యార్థులకు ఈ సన్నివేశాలు కేవలం కల్పనగా తోచివుండవు.

ససహర అధ్యక్షుడయ్యాక, కథలో కామికెట్‌కు ప్రతిరూపమైన ‘కామిఫెస్’ మేళాలో సంఘం తరఫున దోజిన్‌షి ప్రచురించడానికి పూనుకొంటాడు. 2007 ధారావాహిక ఈ ఘట్టంతో మొదలవుతుంది. బొమ్మలు వేయవలసిన కుగయమ జాప్యం చేయడం, గడువు ముంచుకురావడం, సభ్యుల మధ్య మాటలు పెరగడం, చివరికి అందరూ తలా ఒక చేయి వేయడం – 1950ల సర్కిల్ పత్రికల వారికీ ఇవి అపరిచితం కాని అనుభవాలు. అభిమాని వినియోగదారుగా ఉండడం నుంచి ఉత్పత్తిదారుగా మారే క్షణాన్ని ఈ ఘట్టం నమోదు చేసింది.

గదికి కాలపరిమితి కూడా ఉంది. విశ్వవిద్యాలయ విద్య నాలుగేళ్ళు. 1990ల ఆరంభంలో ఆర్థికవృద్ధి కుప్పకూలాక, సుమారు 1993 నుంచి 2005 వరకు పట్టభద్రులకు ఉద్యోగాలు దుర్లభమైన కాలాన్ని జపాన్‌లో ‘ఉద్యోగాల మంచుయుగం’ అంటారు. గెన్‌షికెన్ పాత్రలు ఆ కాలం చివరలో చదువు ముగించుకొంటాయి. ససహర అనేక తిరస్కారాల తర్వాత మాంగా సంపాదకుడిగా పని సంపాదిస్తాడు. కుగయమ వైద్య పరికరాల విక్రయంలో చేరతాడు. మదరమె విశ్వవిద్యాలయానికి దగ్గరలో నీటిగొట్టాల పనులు చేసే సంస్థలో చేరి, మధ్యాహ్న భోజనం సంఘం గదిలోనే చేస్తుంటాడు. చదువు ముగిసినా గదిని వదలలేని మదరమె చిత్రణ ఈ రచనలోని అత్యంత కరుణార్ద్రమైన అంశం. 2006 తర్వాత ‘సుజుమియ హరుహి’, ‘లక్కీ స్టార్’, ‘కె-ఆన్’ వంటి దైనందిన జీవిత యానిమేలలో విద్యార్థి బృందాలు సాధారణ ఇతివృత్తమయ్యాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం ఉన్నత పాఠశాల ప్రపంచానికి పరిమితం. జీతం, వసతి, వృత్తి అనే ప్రశ్నలను గదిలోకి తెచ్చిన రచనగా గెన్‌షికెన్ వాటికి భిన్నంగా నిలుస్తుంది.

6. 2004: వెనిస్‌కు చేరిన గది

2004లో వెనిస్‌లో జరిగిన 9వ అంతర్జాతీయ వాస్తుకళా ప్రదర్శనలో జపాన్ మండపానికి మొరికవ కైచిరో నిర్వాహకుడు. ఆ మండపం శీర్షిక ‘ఒటాకు: వ్యక్తిత్వం = స్థలం = నగరం’. విద్యుత్ పరికరాల అంగళ్ళ కేంద్రమైన అకిహబార, 1990ల చివర యానిమే, గేముల నగరంగా మారడాన్ని మొరికవ 2003లో ఒక గ్రంథంలో వివరించాడు. అభిమాని గదిలోని అభిరుచే విస్తరించి నగరం ముఖాన్ని మార్చిందన్నది ఆయన వాదన. వెనిస్ ప్రదర్శనలో ఒటాకుల గదులకు కూడా చోటు దక్కింది. పదిహేనేళ్ళ కిందట నేరానికి సాక్ష్యంగా చూపిన గది ఇప్పుడు జాతీయ సంస్కృతికి నమూనా అయింది.

అదే అక్టోబరులో ‘దెన్‌ష ఒతొకొ’ (రైలు కుర్రాడు) అనే పుస్తకం వెలువడింది. ఇంటర్నెట్ చర్చలో ఒక యువకుడు, అతనికి సలహాలిచ్చినవారు రాసుకొన్న సందేశాల సంకలనమిది. 2005లో చలనచిత్రంగా, టెలివిజన్ నాటకంగా కూడా వచ్చింది. రైలులో పరిచయమైన యువతి కోసం ఒటాకు యువకుడు జుట్టు, దుస్తులు మార్చుకొని ప్రేమను సాధించడం ఇందులోని కథ. సమాజం అంగీకరించింది, కాని మారాలన్న షరతుమీద.

2004 నాటి ఈ మూడు రచనలను పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మధ్య భేదం స్పష్టమవుతుంది. వెనిస్ ప్రదర్శన ఒటాకును ప్రపంచం ముందు నిలిపింది, దెన్‌ష ఒతొకొ అతన్ని సరిదిద్ది స్వీకరించింది. గెన్‌షికెన్ అతన్ని ప్రదర్శించనూ లేదు, సరిదిద్దనూ లేదు. ప్రదర్శనలోని గదిలో మనుషులు ఉండనక్కరలేదు, వస్తువులు చాలు. గెన్‌షికెన్ గదిలో వస్తువుల మధ్య మనుషులు ఒకరినొకరు భరించడం నేర్చుకొంటారు.

7. గదిలో స్త్రీలు

నకమొరి వర్ణన, 1989 నాటి వార్తలు, దెన్‌ష ఒతొకొ – ఇవన్నీ ఒటాకును ప్రధానంగా పురుషుడిగానే ఊహించాయి. చరిత్ర ఇందుకు భిన్నం. 1975 నాటి మొదటి కామికెట్‌కు వచ్చినవారిలో అత్యధికులు బాలికల మాంగా (షోజొ మాంగా) అభిమానులైన పాఠశాల విద్యార్థినులు. అంటే మేళా స్త్రీలతోనే మొదలైంది. ముద్ర మాత్రం పురుషుల మీద పడడంతో స్త్రీల చరిత్ర మరుగున పడింది.

గెన్‌షికెన్ కూడా తొలుత పురుషుల గదిగానే మొదలవుతుంది. అమెరికా నుంచి తిరిగివచ్చిన ఒహ్‌నో కనకొ పాత్రల వేషధారణ (కాస్‌ప్లే) పట్ల ఇష్టంతో చేరుతుంది. మాంగా సంఘంలో ఇమడలేక వచ్చిన ఒగియుయె చిక తొలిరోజే తనకు ఒటాకులంటే అసహ్యమని ప్రకటిస్తుంది. ఆమె స్వయంగా పురుషుల మధ్య ప్రేమను చిత్రించే మాంగా గీస్తుంది. పాఠశాల రోజుల్లో తోటి విద్యార్థిని పాత్రగా చేసి గీసిన బొమ్మలు బయటపడి, అతను పాఠశాల మారవలసిరావడం ఆమె మనసులో మానని గాయం. ఒగియుయె ద్వేషం తన మీద తనకే ఉన్న ద్వేషమని మాంగా చివరి సంపుటాలు క్రమంగా వెల్లడిస్తాయి. కళంకం వెలుపలి నుంచి మాత్రమే రాదు, అభిమాని స్వయంగా దాన్ని తనకు అంటించుకోగలడు అన్న సత్యాన్ని ఈ పాత్ర ద్వారా రచయిత గంభీరంగా ప్రతిపాదించాడు. ఆమె చేసిన బొమ్మలవల్ల మరొక వ్యక్తి నష్టపోయాడన్న వాస్తవాన్ని కూడా దాచలేదు.

2010లో మళ్ళీ మొదలై 2016లో ముగిసిన రెండవ తరం కథలో ఒగియుయె అధ్యక్షురాలు. కొత్తగా చేరినవారిలో యువతులే ఎక్కువ. వారి సంభాషణలో భాగం కావాలని స్త్రీవేషంలో వచ్చే హతొ కెన్‌జిరో అనే యువకుడు మరొక ముఖ్యపాత్ర. ఇతివృత్తం దారి తప్పిందని, స్త్రీల ప్రాబల్యం కొత్త పరిణామమని భావించడానికి ఇక్కడ అవకాశముంది. అయితే 1975 నాటి మేళాను గుర్తుంచుకొంటే, ఆ గది తన మూలాలకు దగ్గరయిందని చెప్పడం సబబు.

8. ‘పరిశోధన’ అనే మాట

మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పుకోవచ్చు. జపాన్ విద్యార్థి సంఘాల పేర్లలో ‘కెన్‌క్యూకాయ్’ (పరిశోధన సంఘం) సర్వసాధారణం. మాంగా, సైన్స్ ఫిక్షన్, అపరాధ పరిశోధక నవల – దేని చుట్టూ ఏర్పడిన సంఘమైనా ఈ పేరు పెట్టుకోవచ్చు. విశ్వవిద్యాలయం గుర్తించే భాష అదే కాబట్టి అభిరుచి ఆ భాషలో దరఖాస్తు చేసుకొంది. ‘పరిశోధన’ అనే మాట గదికి తాళంచెవి. ఇది వంచన అనవచ్చు. అయితే ముద్రకు గురైనవారికి ఒక సంస్థ నీడలో, నిబంధనల ప్రకారం, పగటిపూట కలుసుకొనే హక్కును ఆ మాటే సంపాదించిపెట్టింది.

పేరుకు తగిన పని కాలక్రమంలో జరిగింది కూడా. గైనాక్స్ స్థాపకులలో ఒకరైన ఒకద తొషియొ 1990లలో టోక్యో విశ్వవిద్యాలయంలో ఒటాకు సంస్కృతిపై పాఠాలు చెప్పి, 1996లో ‘ఒటాకు శాస్త్ర ప్రవేశిక’ అనదగిన గ్రంథం ప్రచురించాడు. మనోవైద్యుడు సైతో తమకి 2000లోను, తాత్త్వికుడు అజుమ హిరొకి 2001లోను ఒటాకులను గురించి ముఖ్యమైన సిద్ధాంత గ్రంథాలు వెలువరించారు. కథాంశం కన్నా పాత్రల లక్షణాల భాండాగారాన్ని ఆస్వాదించేవారిగా ఒటాకులను అజుమ విశ్లేషించాడు. క్యోతొ సెయ్‌క విశ్వవిద్యాలయం 2006లో మాంగా బోధనకు ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది.

ఈ క్రమంలో అత్యంత అర్థవంతమైన ఘట్టం 2009 నాటిది. కామికెట్ స్థాపకులలో ఒకరై, 1980 నుంచి 2006లో మరణించేవరకు దానికి సారథ్యం వహించిన యొనెజవ యొషిహిరొ జీవితమంతా మాంగాలను, పత్రికలను, దోజిన్‌షిలను సేకరించాడు. ఆ సేకరణ ఆధారంగా, ఆయన చదువుకొన్న మెయ్‌జి విశ్వవిద్యాలయం 2009లో యొనెజవ యొషిహిరొ స్మారక గ్రంథాలయాన్ని ప్రారంభించింది. వెనిస్ ప్రదర్శన నిర్వాహకుడైన మొరికవ కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే అధ్యాపకుడయ్యాడు. 1989లో ఒక గది నిండా పేర్చిన టేపులు ఉన్మాదానికి గుర్తుగా కనిపించాయి. ఇరవై ఏళ్ళకు మరొక అభిమాని గదుల నిండా పేర్చిన పత్రికలు పరిశోధనాకరమయ్యాయి. పోగుచేయడం అనే పని రెండుచోట్లా ఒకటే. ఆ వస్తువులను పంచుకొనే సమూహం, వాటిని భద్రపరిచే సంస్థ ఉండడం లేకపోవడంలోనే అసలు తేడా ఉంది.

9. ముగింపు

గెన్‌షికెన్‌కు పరిమితులు లేకపోలేదు. కామికెట్‌ను వేధించిన అశ్లీలత వివాదాన్ని ఇది ప్రధానంగా హాస్యంగానే దాటవేసింది. సభ్యుల మధ్య గల ఆర్థిక తారతమ్యాలను స్పృశించలేదు. గదికి దూరంగా మిగిలిపోయిన అభిమానుల గురించి దాదాపుగా మౌనం వహించింది. అయినప్పటికీ, ‘ఒటాకు’ అనే ముద్ర నేరానికీ జాతీయ గౌరవానికీ మధ్య ఊగుతున్న కాలంలో ఆ రెండింటికీ చెందని సామాన్య జీవితాన్ని ఇది నమోదు చేసింది. చరిత్రకారునికి దీని విలువ అదే.

ఈ పరిశీలన నుంచి తెలుగు పరిశోధకులు ఆలోచించవలసిన విషయం ఒకటుంది. తెలుగునాట సినిమా కథానాయకుల అభిమాన సంఘాలను ఎస్.వి. శ్రీనివాస్ తన ‘మెగాస్టార్’ (2009) గ్రంథంలో రాజకీయ సంస్కృతిలో భాగంగా విశ్లేషించారు. జపాన్ సర్కిల్‌కూ తెలుగు అభిమాన సంఘానికీ సామ్యం కన్నా భేదమే ఎక్కువ. మొదటిది గదిలోకి ముడుచుకొంది, రెండవది వీధిలోకి వచ్చింది. అయితే రెండింటి చరిత్రనూ అధికారిక పత్రాలు భద్రపరచవు. కరపత్రాలు, పోస్టర్లు, సభ్యత్వపు కార్డులు, సంఘం తీసిన ఛాయాచిత్రాలు – ఇవన్నీ వ్యక్తుల ఇళ్ళలోనే ఉండి, ఆ వ్యక్తులతోనే పోతాయి. యొనెజవ సేకరణను ఒక విశ్వవిద్యాలయం స్వీకరించినందువల్లనే జపాన్ అభిమానుల చరిత్రకు అతి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి మిగిలింది. వెక్కిరింపుకు గురైన అభిరుచి రేపటికి ఆధారగ్రంథమవుతుందో కాదో ముందుగా తెలియదు. భద్రపరచవలసిన నిర్ణయం మాత్రం నేడే తీసుకోవలసి ఉంటుంది.